గుర్రపుడెక్కకు మందు కొట్టే ముందు

అమలాపురం,
ఆదివారం

ప్రియమైన సత్యం,

నీ ఉత్తరం అందింది. కైకలూరు దగ్గర కౌలుకు తీసుకున్న చేపల చెరువులో సగం గుర్రపుడెక్కే ఉందని, ఈ వారమే మందు కొట్టించేస్తానని రాశావు. ఆగరా బాబూ! ముందు నా కథ విను, తర్వాత నీ ఇష్టం.

నాలుగేళ్ల కిందట మా చెరువుదీ ఇదే పరిస్థితి. దుకాణంలో అడిగితే, వరిలో కలుపు చంపడానికి వాడే 2,4-డి మందు డబ్బా చేతిలో పెట్టి "కొట్టండి, పోతుంది" అన్నాడు. అబద్ధమాడలేదు పాపం, పోయింది. రెండు రోజులకే కాడలు మెలికలు తిరిగాయి, వారానికి ఆకులు మాడాయి. నేను గట్టు మీద నిలబడి మీసం దువ్వుకున్నాను. పదో రోజు తెల్లవారుజామున చూస్తే బొచ్చెలు, శీలావతులు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు అద్దెకు తెచ్చేలోపు సగం చేప పోయింది.

మందే చంపిందని దుకాణదారుణ్ణి తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది: చచ్చిన డెక్క నీళ్లలో కుళ్లుతూ ఆక్సిజన్‌ అంతా లాగేసుకుంటుంది. అసలే రాత్రి తరిగే ఆక్సిజన్‌ తెల్లవారేసరికి అడుగంటిపోతుంది. అందుకే చెరువంతా ఒకేసారి కొట్టించకు. మూడో వంతుకు కొట్టి, వాడిపోయిన డెక్క మునిగేలోపే గట్టుకు లాగించు. రెండు మూడు వారాలు ఆగి మరో ముక్క మొదలుపెట్టు. కూలి ఖర్చని గొణుగుతావు, తెలుసు. చేపల ఖరీదుతో పోల్చి చూసుకో.

2,4-డిలో ఈస్టర్ రకం జోలికి వెళ్లకు. చేపలకు ఎక్కువ చేటు, పైగా ఆవిరై పక్కవాడి బెండ, మిరప ఆకులను ముడిచేస్తుంది. ఇక గ్లైఫోసేట్ అనే మరో కలుపు మందు అంటావా, తుంపర పడితే గట్టవతలి వరి కూడా మిగలదు. 2022లో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే, అంటే మందు కొట్టడమే వృత్తిగా ఉన్నవాళ్లే వాడాలని ఉత్తర్వు కూడా ఇచ్చింది.

మా ఊళ్లోనూ కాలువలకు మందు కొట్టాలని కొందరి గోల. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తూడు, డెక్క తీయిస్తే చాలదట! ఆ నీళ్లతోనే మంచినీటి చెరువులు నింపుకుంటామన్న సంగతి వాళ్లకు గుర్తుండదు.

ఊదారంగు పూల అందం చూసి ఎవరో అమెజాన్ ప్రాంతం నుంచి దేశాలు దాటించిన మొక్క ఇది. బురదలో పడిన గింజ పదిహేనేళ్ల తర్వాత కూడా మొలవగలదు. కాబట్టి ఒక్కసారి కొట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. దీన్ని తినే ముక్కుపురుగులను 1983లో బెంగళూరు వైపు చెరువుల్లో వదిలారు, అవి బాగానే పనిచేస్తాయి. కానీ నీ కౌలు గడువు మూడేళ్లు, పురుగుకు ఆ తొందర తెలియదు. నీ డెక్క ఆకుల మీద గీరినట్టు చిన్న మచ్చలు కనిపిస్తే మాత్రం అవి ఉన్నట్టే. ఒక మూల మందు తగలకుండా వాటి మేతకు వదిలెయ్.

వచ్చే నెల మొదట్లో వస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం. అందాకా ఆ స్ప్రేయరును అటక ఎక్కించు. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
మూర్తి