సంతానలేమి, రసాయనాలు: సభ్యులకు ఒక విన్నపం

గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం. పిల్లలు కలగకపోతే ముందుగా స్త్రీనే పరీక్షలకు పంపే అలవాటు ఇంకా పోలేదు కనుక, పురుషుల విషయమే మొదట ప్రస్తావిస్తున్నాను. 1977లో కాలిఫోర్నియాలోని ఒక పురుగుమందుల కర్మాగారంలో, తమకు పిల్లలు పుట్టడం లేదన్న సంగతి కార్మికులు తమలో తాము మాట్లాడుకుంటుండగా బయటపడి, పరీక్షలు జరిపించగా, డీబీసీపీ అనే రసాయనంతో పనిచేసిన పలువురిలో వీర్యకణాలు బాగా తగ్గిపోయాయని, కొందరిలో అసలే లేవని తేలింది. పైకి వారు ఆరోగ్యంగానే కనిపించారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

అంత మోతాదు మనలో చాలామందికి తగలకపోవచ్చు. కానీ ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు, కొన్ని గట్టి ప్లాస్టిక్‌లలోనూ రేకు డబ్బాల లోపలి పూతలోనూ వాడే బిస్ఫినాల్-ఎ శరీరంలోని హార్మోన్ల పనికి అడ్డుపడగలవు. వేడి తగిలితే ఇవి ఆహారంలోకి మరింతగా దిగుతాయి కాబట్టి, ప్లాస్టిక్ పాత్రల్లో ఆహారం వేడిచేయవద్దని కోరుతున్నాను. సీసం అనే లోహం, పొగాకు పొగ, వృషణాలకు ఎక్కువసేపు తగిలే వేడి కూడా హాని చేసేవే.

వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అందువల్ల ఈరోజు సిగరెట్ మానేస్తే దాని ఫలితం వచ్చే వారం పరీక్షలో కనిపించదు, నిరుత్సాహపడవద్దు. స్త్రీల అండాలు వారు తల్లి గర్భంలో ఉన్నప్పుడే ఏర్పడతాయి కనుక, గర్భిణులు పురుగుమందులకూ పొగకూ దూరంగా ఉండటం మరింత అవసరం. రంగులు, ద్రావకాలు, పురుగుమందులతో పనిచేసేవారు, డాక్టరు అడగకపోయినా, తమ పని వివరాలు తప్పక చెప్పండి.