32 గ్రాముల సంగతి

ఒరేయ్ శ్రీనూ,

జవాబు ఆలస్యమైంది, ఎంత తిట్టుకున్నా పడతాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, చిన్నదానికి పాలపళ్ళు ఊడుతున్నాయి, డీఏ ఇంకా రాలేదు. ఇంటి కబుర్లు అంతే. అసలు సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

తొమ్మిదో తరగతికి గుప్తోష్ణం పాఠం చెప్తున్నా. అదేరా, డిగ్రీలు పెరగకుండానే నీరు ఆవిరవడానికి మింగేసే, ఆవిరి మళ్ళీ నీరైతే వదిలేసే వేడి. ‘మరిగే నీటికంటే ఆవిరి ఎక్కువ కాలుస్తుంది, ఎందుకు?’ మనం బట్టీ పట్టిన రెండు మార్కుల ప్రశ్నే. వీళ్ళూ గడగడా అప్పజెప్పారు గానీ ఒక్కడి మొహంలోనూ నమ్మకం లేదు. గ్రాము ఆవిరికి 540 కేలరీలన్న అంకె మనకీ నోటికొచ్చు, కళ్ళతో చూసిందెప్పుడు?

వంటావిడ దగ్గర చిన్న కుక్కర్ అడిగి తెచ్చి, వెయిట్ తీసేసి రబ్బరు ట్యూబు తొడిగాం. రెండో కొస 300 గ్రాముల బోరు నీళ్ళలో ముంచాం. నీళ్ళు 28 డిగ్రీలు. పక్కనే అలాంటిదే ఇంకో గిన్నె. మొదట గుడగుడమని బుడగలు పైకొచ్చాయి, అది కుక్కర్లో ఉన్న గాలి. తర్వాత చూడాలి తమాషా! ఆవిరి వస్తూనే ఉంది, బుడగ మాత్రం పైకి రాదు. ట్యూబు మూతి దగ్గర పుట్టి అక్కడే టకటకమని చచ్చిపోతోంది.

80 డిగ్రీలకు రాగానే ట్యూబు తీసి తూకం వేస్తే 332 గ్రాములు. అంటే అంత నీటినీ కాచింది 32 గ్రాముల ఆవిరి. రెండో గిన్నెలో 32 గ్రాముల సలసల కాగే నీళ్ళు పోశాం. ఎంతకొచ్చిందంటావ్? 34! థర్మామీటర్ పాడైందన్నాడు ఒకడు. ఇంకోటి పెట్టి చూసినా అంతే.

బోర్డు మీద లెక్కేశాం. గ్రాము నీరు ఒక డిగ్రీ ఎక్కడానికి ఒక కేలరీ చొప్పున, 300 గ్రాములు 52 డిగ్రీలు ఎక్కడానికి 15,600 కేలరీలు. ఆవిరి నీరయ్యాక 100 నుంచి 80కి దిగుతూ ఇచ్చింది 640. మిగతాదంతా ఆవిరి నీరుగా మారడంలోనే వచ్చింది, గ్రాముకి 467. మరి 540కి ఎందుకు తగ్గిందని అడిగితే, ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ పిల్ల ‘గిన్నె కూడా కాలింది కదా సార్, ట్యూబులోనే కొంత ఆవిరి నీరైపోయి చుక్కలుగా పడింది’ అంది. రాజమండ్రి హాస్టల్లో మన బుర్రలకి తట్టి చచ్చిందా ఇది?

జేమ్స్ వాట్ చేసిందీ ఇదేరా. 1760ల్లో గ్లాస్గో యూనివర్సిటీలో న్యూకమెన్ ఇంజన్ (వాట్‌కి ముందునాటి ఆవిరి ఇంజన్) నమూనా రిపేరు చేస్తున్న రోజుల్లో, కెటిల్ ఆవిరిని చన్నీళ్ళలోకి పంపాడు. ఆవిరి తన బరువుకి ఆరు రెట్ల నీటిని మరిగేదాకా తేవడం చూసి తికమకపడి అక్కడి ప్రొఫెసర్ జోసెఫ్ బ్లాక్‌ని అడిగితే, ఆయన అప్పటికే క్లాసులో ఆ పాఠం చెప్తున్నాడట! ఆరే ఎందుకంటే, అక్కడి నీళ్ళు పది డిగ్రీలనుకో, ఇంకా 90 ఎక్కాలి. 540ని 90తో భాగించు. మన బోరు నీళ్ళకైతే ఏడున్నర రెట్లు!

అసలు గోల ఆ తర్వాత. మళ్ళీ చేస్తానన్న కుర్రాడొకడు ట్యూబు నీళ్ళలో ఉండగానే స్టవ్ కట్టేశాడు. కాసేపటికి నీళ్ళు ట్యూబులో పైకి పాకి గటగటా కుక్కర్లోకి పోయాయి, గిన్నె ఖాళీ! పిల్లల అరుపులకి హెడ్మాస్టారు పరిగెత్తుకొచ్చారు. లీటరు నీళ్ళు మరిగితే 1,600 లీటర్లకు పైగా ఆవిరి. అది మళ్ళీ నీరైతే మిగిలేది వట్టి ఖాళీయేగా! న్యూకమెన్ ఇంజన్ నడిచిందీ ఆ ఖాళీ మీదే, పిస్టన్‌ని కిందికి తోసింది బయటి గాలి. హెడ్మాస్టారికి ఇదంతా చెప్పబోతే, నా వంక ఓ చూపు చూసి...

సరేగానీ, మీ రైసుమిల్లు బాయిలర్ ఎన్ని కేజీల ప్రెజర్ మీద నడుస్తోంది? పది కేజీల దగ్గర (చదరపు సెంటీమీటరుకి) నీరు దాదాపు 183 డిగ్రీలకు గానీ మరగదు, గుప్తోష్ణమేమో దాదాపు 480కి పడిపోతుంది. ధాన్యం ఉడికించడానికి మరి మీరు అంత ప్రెజర్ ఎందుకు... బెల్లు కొట్టేశారు, ఎనిమిదో తరగతి గోల మొదలైంది. ప్రెజర్ ఎంతో మాత్రం వెంటనే రాయి.

నీ
సత్తి