మిద్దెలు కూల్చకుండా బతికించే దారి చూపండి

అయ్యా,

కడప పాత వీధుల్లో మట్టి కప్పు మిద్దెలు ఒకటొకటిగా నేలమట్టం అవుతున్నాయి. మా జేజినాయన కట్టించిన ఇల్లు కూడా ఇప్పుడు అదే వరుసలో ఉంది. కూల్చి కింద అంగళ్లు, పైన ఫ్లాట్లు వేస్తే బాడుగలొస్తాయని మా వాళ్లలో సగం మంది అంటున్నారు. బాడుగ కావాలనుకోవడం తప్పు కాదు. పైసా రాని ఉమ్మడి ఇంటికి ఏటేటా కప్పు మీదికి చవుడు మట్టి ఎవరు తోలిస్తారు? అయితే ఆ బాడుగ పాత మిద్దెతోనే వస్తుందని నా నమ్మకం.

ఈ ఇళ్లు కట్టిన తీరే అందుకు వీలుగా ఉంది. వీధి వైపు తిన్నె, పడసాల. లోపల నడిమిల్లు, వంటిల్లు. పడసాలలో టైలరింగ్ షాపో, ట్యూషనో, చిన్న క్లినిక్కో పెట్టుకుని వెనక కుటుంబం ఉండొచ్చు. గండికోట, ఒంటిమిట్ట చూడటానికి వచ్చేవాళ్లకు ఒకటి రెండు గదులు ఇవ్వొచ్చు.

జాగ్రత్తంతా లోపల చేసే మార్పుల్లోనే. కప్పు బరువు మోసేది రాయి, మట్టితో కట్టిన ఆ మందపాటి గోడలే. హాలు పెద్దది కావాలని వాటిని పగలగొడితే కప్పు కింది దంతెలు (అడ్డకర్రలు) కుంగుతాయి. గదిని రెండు చేయాలంటే చెక్క పార్టిషన్ నిలబెట్టుకుంటే చాలు, వద్దనుకున్నప్పుడు తీసేయొచ్చు. వైర్లకు గోడ తొలవకుండా పైనే పైపు వేయించాలి. బాత్రూములు మిద్దె మీద వద్దు, పెరట్లో వేరే పునాది మీద కట్టాలి. గాలి పోయే సందు ఉంచి గవాక్షికి, అంటే కప్పులో వెలుతురు కోసం వదిలిన కన్నానికి, అద్దం బిగిస్తే పగలు లైటు అక్కర్లేదు. నేల మీది నాపబండలకు పాలిష్ పట్టిస్తే సరిపోతుంది. దేశమంతా మన కడప బండ కొనుక్కుని వంటగట్లకు వేసుకుంటుంటే, మన ఇళ్లలోనే దాని మీద టైల్స్ అతికించడం చూస్తే బాధేస్తుంది.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు సిమెంటు. మాకు తెలిసిన ఒక ఇంట్లో చెమ్మ కనిపిస్తోందని గోడలకు సిమెంటు పూయించారు. మట్టిగోడలో తేమ బయటికి రాలేక లోపలే నిలిచి, రెండు వానాకాలాలకే పెచ్చులు ఊడిపోయాయి. సున్నపు గార అయితే గోడ ఆరుతుంది. ఆ పని తెలిసిన మేస్త్రీ కోసం మేం నెలల తరబడి వెతికాం.

తమిళనాడులో కారైకుడి వైపు చెట్టియార్ల పెద్ద ఇళ్లు కొన్ని హోటళ్లుగా నడుస్తున్నాయి. అహ్మదాబాద్ పాత నగరానికి 2017లో యునెస్కో గుర్తింపు వచ్చింది, జనం కాపురముంటున్న పాత ఇళ్లతో సహా. మన ఊళ్లో తెలుగు నిఘంటువు కూర్చిన బ్రౌన్ దొర బంగళా శిథిలమైపోయింది. రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వల్ల ఆ చోట గ్రంథాలయమైనా వెలిసింది. ప్రతి మిద్దెకూ అలాంటి మనిషి దొరకడు కదా.

నగరపాలక సంస్థ పాత మిద్దెల జాబితా తయారు చేయాలి. మరమ్మతుతో పాటు ముందు అంగడి, వెనక కాపురం పెట్టుకునేవారికి అనుమతి సులువుగా ఇవ్వాలి, కొన్నేళ్లు ఇంటిపన్ను తగ్గించాలి. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలు, పాత మేస్త్రీలు కలిసి కుర్రవాళ్లకు సున్నం పని నేర్పాలి.

సంక్రాంతికి మా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని ఇంటి సంగతి తేల్చబోతున్నారు. ఇలా మిద్దెను నిలబెట్టుకుని బాడుగకు ఇచ్చినవాళ్లు జిల్లాలో ఎవరైనా ఉంటే, ఖర్చెంతయిందో, ఏ మేస్త్రీ చేశాడో ఆలోగా మీ పత్రికకు రాయమని వేడుకుంటున్నాను.

— ఒక పాఠకురాలు, కడప