ఒరేయ్ శ్రుతిపెట్టె, తీగ తెగిందిరా!

ఒరేయ్ శ్రుతిపెట్టె,

తిట్టాలనుకుంటే ముందే తిట్టేసెయ్, తర్వాత మధ్యలో అడ్డం రాకు. నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యం చేయడం నాకూ బాగోలేదు, కానీ రాయాలని కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒకటి. ఇల్లు మారాను, పరీక్షలు గట్టెక్కాను, అమ్మ కులాసాగా ఉంది, నీ పుస్తకం నా దగ్గరే భద్రంగా ఉంది, చెప్పుల విషయం మాత్రం అడగకు. వార్తలు సమాప్తం. ఇప్పుడు అసలు సంగతి, ఇది ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు, చెబితే అర్థమయ్యేది నీకొక్కడికే.

మా యూనివర్సిటీ కచేరీల సిరీస్‌లో వాలంటీరుగా చేరానని రాశాను కదా. జనానికి సీట్లు చూపించే పని అని నువ్వు పగలబడి నవ్వావు. ఈ సీజన్ నుంచి తెర వెనక్కి ప్రమోషన్‌రా! జీతం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు, కానీ గ్రీన్ రూమ్ తాళంచెవి నా మెడలోనే వేలాడుతూ ఉంటుంది. కుర్చీలు వేయడం, స్టాండులు సరిచేయడం, నీళ్లు పెట్టడం, చప్పట్లు కొడుతుంటే స్టేజీ తలుపు పట్టుకుని నిలబడటం. తలుపు తెరవడం కూడా ఒక విద్యే, నవ్వకు. కళాకారులు లోపలికి వచ్చాక చప్పట్లు సన్నగిల్లకముందే మళ్లీ బయటికి పంపాలి, ఒక్క క్షణం ఆలస్యమైతే వాళ్లు నిశ్శబ్దంలోకి నడిచి వెళ్లాలి, అంతకంటే అవమానం లేదు. ఇదంతా మా స్టేజ్ మేనేజర్ చెవితోనే చూసుకుంటుంది, చేత్తో సైగ చేస్తుంది, నేను గుంజుతాను.

పోయిన వారం ఒక స్ట్రింగ్ క్వార్టెట్ వచ్చింది. రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన ఒక వయోలా, కూర్చుని కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే ఒక చెల్లో. ఇలా వచ్చేవాళ్లు వాయించి వెళ్లిపోరు, ఇక్కడి సంగీతం విద్యార్థులకి పాఠం కూడా చెబుతారు. పొద్దున్న మాస్టర్‌క్లాసు. చెల్లో వాయించే ఆవిడ ఒక కుర్రాణ్ని మొదటి స్వరం దగ్గరే ఆపేసింది. కమాను తీగ మీద పెట్టకముందే ఊపిరి తీసుకో అంటుంది, వాడు తీసుకుంటాడు, మొదలెడతాడు, ఆవిడ మళ్లీ ఆపుతుంది. వాడు మూడు వాక్యాల సంగీతం కూడా వాయించకుండానే టైమ్ అయిపోయింది, ముఖం కందగడ్డలా చేసుకుని చెల్లో పెట్టెలో పెట్టుకున్నాడు. నాకు నీ మొదటి గురువుగారు గుర్తొచ్చారు, ఆ ‘స’ దగ్గరే... సరే, అది నీకు తెలిసిందే. ఈ కుర్రాణ్ని మాత్రం గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తాడు.

మధ్యాహ్నం రిహార్సల్. వయోలా ఆయన స్టేజీ మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు చరిచి, ఆ శబ్దం ఎక్కడిదాకా పోయి ఎలా వస్తుందో తలొంచుకుని విన్నాడు. ఖాళీ హాల్లో మోత ఎక్కువ, రాత్రి జనం వచ్చి కూర్చుంటే వాళ్లే సగం మింగేస్తారు, ఆ లెక్క ముందే వేసుకోవాలట. ఈ లెక్క మొదలైంది కూడా ఒక యూనివర్సిటీలోనే, తెలుసా? 1895లో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఒక లెక్చర్ హాల్లో ఒక మాట అంటే ఐదు సెకన్ల పైన మోగుతూనే ఉండేదట, పాఠం ఎవరికీ అర్థమయ్యేది కాదు. వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్స్ మాస్టారికి ఆ పని అప్పగిస్తే, ఆయన పక్క థియేటర్లోంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, రాత్రిళ్లు ఆర్గన్ పైపు ఊదించి, ఎన్ని మెత్తలకి మోత ఎంత తగ్గుతుందో స్టాప్‌వాచీతో కొలిచాడు. ఆ లెక్కలతోనే 1900లో బోస్టన్ సింఫనీ హాల్ లేచింది. రాత్రిపూట మెత్తలు మోసిన ఆ కుర్రాళ్లంటే నాకు అదో గౌరవం, మా జాతివాళ్లు.

ఇక రాత్రి. మొదటి సగం హైడన్, చక్కగా అయిపోయింది. రెండో సగం బీతోవెన్ ఓపస్ 131, అంటే ఆయన రచనల్లో ఆ సంఖ్య ఉన్న క్వార్టెట్. సి షార్ప్ మైనర్, 1826లో పూర్తి చేశాడు, అప్పటికి చెవులు పూర్తిగా పోయాయి, మరుసటి ఏడే మనిషీ పోయాడు. ఇందులో ఏడు భాగాలు. మామూలుగా ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య చిన్న ఆగుడు ఉంటుంది, జనం దగ్గుతారు, వాళ్లు తీగలు సరిచూసుకుంటారు. ఇందులో ఆ ముచ్చట లేదు. ఏడూ ఒకదాని తోకపట్టుకుని ఒకటి, దాదాపు నలభై నిమిషాలు ఆగకుండా వాయించాలి. శ్రుతి దిగితే దిగినట్టే, వేలితో సర్దుకుంటూ పోవాలి. లిఫ్టులో ఆలాపన చేసిన నీలాంటివాడికి ఇది పెద్ద విషయం కాదనుకో.

నేను స్టేజీ పక్కన చీకట్లో, తలుపు దగ్గర. నాలుగు భాగాలు అయ్యాయి. ఐదోది ప్రెస్టో, ఉరుకులు పరుగులు, మధ్యలో కమానులు వదిలేసి నలుగురూ వేళ్లతో మీటుతూ ఒక్కో ముక్క ఒకరి మీదికొకరు విసురుకుంటారు, సరదాగా ఉంటుంది, జనంలో కొందరు నవ్వారు కూడా. అక్కడ, సరిగ్గా అక్కడ, ఫట్!

తుపాకీ పేలిందేమో అనుకున్నాన్రా. చెల్లో ఎ తీగ, అంటే ఎ అనే స్వరానికి శ్రుతి చేసేది. నాలుగింటిలోకీ సన్నటిది. తెగిన ముక్క ఎగిరి ఆవిడ చెంప పక్కనుంచి పోయింది, గీత పడలేదు, అదృష్టం. నలుగురూ ఒకేసారి ఆగిపోయారు. హాలంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టిన చప్పుడు, దానికీ చప్పుడుంటుందని ఆ రాత్రే తెలిసింది. ఆవిడ లేచి, చెల్లో ఎత్తుకుని, నేరుగా నా వైపే వచ్చేసింది. నేను తలుపు తీశాను, జీవితంలో అంత చక్కగా ఎప్పుడూ తీయలేదు.

గ్రీన్ రూమ్‌లో ఆవిడ పెట్టె తెరిస్తే విడి తీగ ఉంది, కానీ సీలు విప్పని కొత్త పొట్లం. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేసింది. నాకర్థం కాలేదు. కొత్త తీగ బిగించగానే సాగడం మొదలెడుతుందట, సర్దుకోవడానికి చాలాసేపు పడుతుంది, అందాకా శ్రుతి దిగుతూనే ఉంటుంది, ఆగడానికి వీల్లేని పాటకి దాన్ని నమ్ముకోలేం. అందుకే చాలామంది వాడి తీసేసిన తీగనే అత్యవసరానికి దాచుకుంటారు, అది సాగాల్సినంతా సాగేసి ఉంటుంది. ఆవిడ దాచుకున్నది కిందటి ఊళ్లో వాడేసింది. మా స్టేజ్ మేనేజర్ ఆ టెన్షన్‌లో కూడా కథ చెప్పడం మానలేదు. 1986లో అమెరికాలో టాంగిల్‌వుడ్ సంగీతోత్సవంలో మిడోరి అనే పద్నాలుగేళ్ల అమ్మాయి, ఆర్కెస్ట్రా నడిపిస్తున్న బెర్న్‌స్టైన్ ఎదుట ఆయన రాసిందే వయొలిన్ మీద వాయిస్తుంటే ఇ తీగ తెగింది, పక్కనున్న కాన్సర్ట్‌మాస్టర్, అంటే ఆర్కెస్ట్రాలో వయొలిన్ల పెద్ద, ఆయన వయొలిన్ అందుకుని కొనసాగించింది, దాని తీగా తెగింది, ఇంకొకరిది అందుకుంది, ఒక్క క్షణం బెదరలేదు. బాగానే ఉంది, కానీ ఆర్కెస్ట్రాలో అయితే అందుకోవడానికి వెనక మనుషులుంటారు. నలుగురిలో చెల్లో ఒక్కటే.

అప్పుడు వెనక తలుపు ఎవరో దబదబా బాదారు. తీస్తే పొద్దుటి కుర్రాడు! వీపు మీద పెద్ద పెట్టె, రొప్పుతున్నాడు, జనంలోంచి లేచి ప్రాక్టీసు గదికి పరిగెత్తి తన చెల్లో పట్టుకొచ్చాడు, తీసుకోండి అన్నాడు. ఆవిడ ఒక్కసారి దానివైపు చూసి చాలా మర్యాదగా వద్దంది. వాయిద్యం మారితే వేళ్ల దూరాలు మారతాయి, ఓపస్ 131 మధ్యలో కొత్త చెల్లోతో స్నేహం చేయడం కుదరదు. వాడి ముఖం మళ్లీ అదే రంగులోకి తిరుగుతుంటే ఆవిడ, “నీ పెట్టెలో పాత ఎ తీగ ఏమైనా ఉందా?” అని అడిగింది. వాడు పెట్టె అర తెరిచి, పాత చీటీలు, రంగు ముక్కలు, చిన్న దువ్వెన, ఏవేవో కింద పడేసి, అడుగునుంచి చుట్ట చుట్టిన తీగ ఒకటి తీశాడు. ఎన్నాళ్లు వాడావంది. వాడు నోరు తెరిచి ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. ఆవిడ నవ్వింది.

తర్వాతది నేను దగ్గరగా చూశాను, చెల్లో మెడ నా చేతిలోనే ఉంది మరి, రెండో చేతిలో ఫోన్ లైటు. (ఆ వాయిద్యం వయసెంతో అడిగే ధైర్యం లేకపోయింది.) తీగ చివర చిన్న గుండు ఉంటుంది, దాన్ని కింద ఇరికించి, పైకొస బిరడా కన్నంలో దూర్చి, జేబులోంచి పెన్సిల్ తీసి తీగ ఆనే గాడిలో రుద్దింది. ఆ మసి ఉంటే తీగ ఇరుక్కోకుండా జారుతుందట. బిరడా తిప్పుతూ తిప్పుతూ మధ్యలో ఆగి, తీగలు ఆనే చెక్క బ్రిడ్జి ముందుకు ఒరిగిందేమోనని బొటనవేళ్లతో వెనక్కి సర్దింది. మిగతా మూడు తీగలు ముట్టుకోలేదు, అన్నీ వదులైతే బ్రిడ్జీ పడిపోతుంది, లోపలి చిన్న కర్రా పడిపోతుంది, ఆ తర్వాత కచేరీ లేదు ఏమీ లేదు. చేతులు వణకలేదు కానీ పై పెదవి మీద చెమట పట్టింది.

ఇంతసేపూ స్టేజీ మీద మొదటి వయొలిన్ పెద్దాయన జనాన్ని కూర్చోబెట్టాడు. బీతోవెన్ ఈ రచనను షాట్ అనే ప్రచురణకర్తకి పంపుతూ, అక్కడా ఇక్కడా కొట్టుకొచ్చి అతికించిందని దాని మీద తమాషాగా రాస్తే, పాపం ఆయన కంగారుపడ్డాడట, కొత్త సరుకు కావాలని డబ్బిచ్చాడు మరి. తర్వాత బీతోవెన్ ఇది నికార్సుగా కొత్తదేనని మళ్లీ రాయాల్సొచ్చింది. ఇది చెప్పి నవ్వించి, మొదటి భాగం ఫ్యూగ్, అంటే ఒకే ఎత్తుగడని ఒకరి తర్వాత ఒకరు అందుకునే అల్లిక, దాని ఎత్తుగడ నాలుగు స్వరాలూ ఒంటరిగా వాయించి చూపించాడు. నాలుగోదాన్ని ఉన్నట్టుండి నొక్కాలని రాసి ఉంది. ఆ నాలుగో స్వరం ఎ! తెగిన తీగ పేరు. జనానికి ఈ తమాషా తట్టిందో లేదో, తలుపు సందులోంచి వింటున్న నాకు మాత్రం ఒళ్లు జలదరించింది.

తలుపు దగ్గర చిన్న గొడవ. ఎక్కణ్నుంచి ఎత్తుకోవాలి? వయోలా ఆయన ప్రెస్టో నుంచి అన్నాడు. నన్ను అడిగినా అదే అనేవాణ్ని, ఎందుకంటే ప్రెస్టో మొదలెట్టేదే చెల్లో, ఒంటరిగా ఒక్క ముక్క గుర్రుమని ఆగుతుంది, ఆవిడ తిరిగొచ్చి అది వాయిస్తే ఎంత అందంగా ఉండేది! కానీ నన్నెవరూ అడగలేదు. ఆవిడ మొదట్నుంచే అంది, ఆగకుండా వాయించాలని రాసినదాన్ని ముక్కలు చేయనంది, పెద్దాయన భుజాలెగరేసి సరే అన్నాడు. మళ్లీ మొదట్నుంచి, ఏడూ! మా స్టేజ్ మేనేజర్ వాచీ చూసుకుని కళ్లు మూసుకుంది.

ఆ రెండోసారి ఫ్యూగ్ ఉంది చూశావూ... దాన్ని ఎలా చెప్పను. అవే స్వరాలు, అదే నిదానం, కానీ ఇందాకటిలా హాలు దగ్గలేదు, కదల్లేదు, జనం మొత్తం ఆ ఒక్క తీగనే వింటున్నారు. నాలుగో భాగం ఎ మేజర్, అంటే ఎ స్వరమే దానికి ఆధారం, దాచుకోవడానికి చోటు లేదు, వేలు పెట్టకుండా ఖాళీ తీగ వదిలితే శ్రుతి దిగిన సంగతి అందరికీ తెలిసిపోతుంది. ఆవిడ ఖాళీ తీగ ఎక్కడా వదల్లేదని నా అనుమానం, అదే స్వరం పక్క తీగ మీద వేలితో పలికించింది. ఎక్కడ రెండు క్షణాలు ఆగుడు దొరికినా ఎడమ చెయ్యి కిందికి పోయి శ్రుతి సర్దే సన్న స్క్రూని ఒక్క వెంట్రుకవాసి తిప్పేది, ముఖం మాత్రం ఏమీ జరగనట్టే. ప్రెస్టోలో ఆ మీటుడు దగ్గరికి వచ్చేసరికి నేను తలుపు పిడిని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే మర్నాడు చెయ్యి నొప్పి. కుర్రాడు నా పక్కనే నిలబడ్డాడు, వాడు ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు, పొద్దుటి పాఠమంతా వృథా.

తెగలేదు.

అయితే ఒక మాట, భక్తిలో పడి అబద్ధం చెప్పను. ఏడో భాగానికి నలుగురూ అలసిపోయారు, తొందరపడ్డారు, రెండు చోట్ల కమానులు కలవలేదు. ప్రెస్టో నుంచి ఎత్తుకుని ఉంటే ముగింపు ఇంకా బాగుండేదని ఇప్పటికీ అంటాను. నువ్వు ఒప్పుకోవని తెలుసు, ఫోన్లో దెబ్బలాడుకుందాం.

చప్పట్లు ఎంతసేపు కొట్టారో, ఎన్నిసార్లు తలుపు గుంజానో! ఆఖరికి ఆవిడ లోపలికొచ్చి తీగ విప్పబోతే కుర్రాడు వద్దు ఉంచేసుకోండి అన్నాడు. ఆవిడ సీలు విప్పని కొత్త పొట్లం వాడి చేతిలో పెట్టింది. అప్పుడు వాడు ఆవిణ్ని ఏమడిగాడో తెలుసా, ఆ ఊపిరి సంగతి ఇప్పుడు ఒకసారి

అబ్బా, పిలుస్తున్నారు. ఇవాళ పియానో కచేరీ, శ్రుతి చేసేవాడు పని ముగించుకుని వెళ్లిపోయాడట, స్టేజీ మీద స్టూలు ఎత్తు చూడాలి, జనం అప్పుడే గుమ్మం దగ్గర మూగారు. మిగతాది ఆదివారం ఫోన్లో చెబుతాను, నువ్వే చెయ్యి.

నీ
తలుపు విద్వాంసుడు