బ్యాండ్ కదల్లేదని తొందరపడకు

రవీ,

ప్రోటీన్ మీది చక్కెర గొలుసుల్ని కోసే ఎంజైమ్ పీఎన్‌గేజ్-ఎఫ్ వేశాక కూడా, ప్రోటీన్లను బరువుల వారీగా విడదీసే జెల్‌లో నీ ప్రోటీన్ గీత (బ్యాండ్) కదల్లేదని రాశావు. అంటే ప్రోటీన్‌కు చక్కెర గొలుసులు లేనట్టేనా అని అడిగావు. అప్పుడే తీర్పు చెప్పకు. నువ్వు ప్రోటీన్‌ను మరిగించకుండానే ఎంజైమ్ వేసినట్టున్నావు.

ఈ ఎంజైమ్ ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లానికి అంటుకున్న గొలుసును మొదలంటా కోస్తుంది. ఆ మొదలు ప్రోటీన్ మడతల్లో దాక్కుంటే దానికి అందదు. మడత విప్పకుండా చెయ్యాలంటే ఎంజైమ్ ఎక్కువ పోసి 24 గంటలైనా ఆగాలి, అప్పటికీ నమ్మకం లేదు. అందుకే ముందు విప్పు: 10 నుంచి 20 మైక్రోగ్రాముల ప్రోటీన్‌ను 0.5 శాతం ఎస్‌డీఎస్ (మడత విప్పే డిటర్జెంటు), 40 మిల్లీమోలార్ డీటీటీ (గంధకపు బంధాలు తెంచే రసాయనం)తో 10 మైక్రోలీటర్లు చేసి, 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచు. చల్లారాక పదింతల గాఢత ఉన్న ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ 7.5) 2 మైక్రోలీటర్లు, పది శాతం ఎన్‌పీ-40 (ఎస్‌డీఎస్‌ను అదుపు చేసే మెత్తని డిటర్జెంటు) 2 మైక్రోలీటర్లు, నీళ్లు 5 మైక్రోలీటర్లు, చివర్లో ఎంజైమ్ 1 మైక్రోలీటరు వెయ్యి. 37 డిగ్రీల దగ్గర గంట చాలు. ఎన్‌పీ-40 మరిస్తే అంతే సంగతులు: ఎస్‌డీఎస్ నీ ప్రోటీన్‌తో పాటు ఎంజైమ్‌నూ విప్పేస్తుంది.

పక్కనే ఎంజైమ్ లేని ట్యూబొకటి, ఆర్ఎన్ఏస్-బీ (చక్కెర గొలుసు ఉందని ముందే తెలిసిన ప్రోటీన్)కి ఎంజైమ్ వేసిన ట్యూబొకటి తప్పకుండా పెట్టు. రెండోది 17 నుంచి 14 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గరికి దిగకపోతే తప్పు నీ ప్రోటీన్‌ది కాదు. 36 దగ్గర కొత్త బ్యాండ్ కనిపిస్తే సంబరపడకు, అది ఎంజైమే.

ఇంకో సంగతి. ఒక్కో గొలుసు బరువు రెండుమూడు కిలోడాల్టన్లు. 150 కిలోడాల్టన్ల ప్రోటీన్‌లో ఒకే గొలుసు పోతే జెల్‌లో ఏం తెలుస్తుంది? అప్పుడు అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటరే దిక్కు. కోతలో ఆస్పరాజిన్ ఆస్పార్టిక్ ఆమ్లమవుతుంది, బరువు 0.984 డాల్టన్ పెరుగుతుంది. అయితే ఆస్పరాజిన్ తర్వాత గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటే ఈ మార్పు దానంతటదే జరిగిపోతుంటుంది. బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీళ్లలో చేస్తే పెరుగుదల దాదాపు 2.99 అవుతుంది. అక్కడ కూడా ఎంజైమ్ లేని ట్యూబు లేకపోతే మోసపోతావు.

మొక్కల ప్రోటీన్లలో, కొన్ని పురుగుల కణాల ప్రోటీన్లలో గొలుసులోని మొదటి చక్కెరకు ఫ్యూకోస్ అనే చక్కెర ఆల్ఫా-1,3 బంధంతో అంటుకుని ఉంటుంది. దానిముందు పీఎన్‌గేజ్-ఎఫ్ చేతులెత్తేస్తుంది. ప్రోటీన్‌ను ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో చిన్న ముక్కలు (పెప్టైడ్లు) చేసి, బాదం నుంచి తీసిన పీఎన్‌గేజ్-ఎ వాడాలి.

సెరీన్, థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లాల మీది ఓ-గొలుసులకు అన్నిటినీ ఊడ్చేసే ఎంజైమ్ లేదు. ఓ-గ్లైకోసిడేస్ చిన్న జంట చక్కెరలనే తీస్తుంది, అదీ ముందు న్యూరామినిడేస్ ఎంజైమ్‌తో గొలుసు చివరి సియాలిక్ ఆమ్లం ఊడదీస్తేనే.

ఆస్పరాజిన్ గొలుసుల్ని కోసే మరో ఎంజైమ్ ఎండో-హెచ్ సంగతి వేరు. అది మొదటి రెండు చక్కెరల మధ్య కోసి ఒకదాన్ని ప్రోటీన్ మీదే వదిలేస్తుంది, అదీ మానోస్ అనే చక్కెర ఎక్కువున్న గొలుసుల్నీ కొన్ని హైబ్రిడ్ (మిశ్రమ) గొలుసుల్నీ మాత్రమే. ప్రోటీన్ కణంలోని గాల్జీ మధ్య అరలు దాటిందా (అక్కడ గొలుసు మారిపోతే ఇది కొయ్యలేదు), దానికి ముందు మజిలీ అయిన ఈఆర్‌లోనే చిక్కుకుందా తేల్చేది ఇదే. స్ఫటికాలు పెంచేవాళ్లకూ ఇదంటే ఇష్టం: కిఫునెన్సిన్ (గొలుసుల్ని మానోస్ ఎక్కువున్న రూపంలోనే ఆపే రసాయనం) వేసిన కణాల్లో ప్రోటీన్ తయారుచేసి, మరిగించకుండానే కోస్తారు. మిగిలిన ఒక్క చక్కెర ప్రోటీన్ గడ్డకట్టకుండా కాపాడుతుంది. దీనికి పీహెచ్ 6 బఫర్ కావాలి, ఎన్‌పీ-40 మాత్రం అక్కర్లేదు.

ఈసారి ఎంజైమ్ లేనిదీ, ఎఫ్ వేసిందీ, ఎండో-హెచ్ వేసిందీ పక్కపక్కనే నడిపి జెల్ ఫొటో పంపు.

నీ
మురళి