ఆసుపత్రి ఒప్పందాలను వదిలేసి మానసిక వైద్యం గురించి అడిగితే జవాబు రాదు

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వాసుపత్రి మందుల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక, చట్టసభల సమావేశాలు జరిగినప్పుడల్లా ఆరోగ్యశాఖ ప్రశ్నోత్తరాలను వెతికి చదవడం నాకు అలవాటు. మానసిక ఆరోగ్యం గురించి అడిగే సభ్యులు పథకం అమలవుతున్నదా, ఎన్ని జిల్లాల్లో అమలవుతున్నది అని అడుగుతారు. కాంట్రాక్టుల గురించి అడిగేవారు ఎన్ని కోట్లు, ఎవరికి కట్టబెట్టారు అని నిలదీస్తారు. వార్డులో మంచం మీదున్న రోగి తినే అన్నం, మింగే మాత్ర, అతడికి కాపలా ఉండే మనిషి, ఆ గదిని కడిగే మనిషి చాలావరకు ఏదో ఒక ఒప్పందం ద్వారానే వస్తున్నప్పుడు, ఈ రెండు రకాల ప్రశ్నలు ఒకదానికొకటి ఎదురుపడకపోవడం నాకు వింతగా తోస్తుంది.

మంత్రుల లిఖిత సమాధానాలకు ఒక స్థిరమైన తీరు ఉంది. మొదటి భాగానికి ‘అవునండి’, రెండో భాగానికి పథకం పుట్టుపూర్వోత్తరాలు, మూడో భాగానికి ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు’. అడిగిన తీరు వదులుగా ఉంటే ఇంతకుమించి చెప్పవలసిన అవసరం మంత్రికి ఉండదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని 767 జిల్లాలకు మంజూరు చేశామని, జిల్లా స్థాయిలో 10 పడకల వరకు ఇన్‌పేషెంట్ సదుపాయానికి అందులో వీలుందని కేంద్రం పార్లమెంటులో పలుమార్లు చెప్పింది. అది అబద్ధం కాదు. అయితే మంజూరు కావడం వేరు, నారాయణపేటలోనో నాగర్‌కర్నూలులోనో సోమవారం ఉదయం ఓపీ గదిలో సైకియాట్రిస్టు కూర్చుని ఉండటం వేరు. ఆ కార్యక్రమం కింద సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కరు, నర్సు ఉండాలి. వీటిలో మన జిల్లాలో ఏ పోస్టు ఏ తేదీ నుంచి ఖాళీగా ఉన్నది, నింపిన పోస్టుల్లో రెగ్యులర్ ఎన్ని, కాంట్రాక్టు ఎన్ని, గత 12 నెలల్లో వారి జీతం ఏ నెలది ఏ తేదీన అందింది అని అడిగితే ‘అవునండి’ అని తప్పించుకోవడం కుదరదు.

పార్లమెంటులో తరచుగా వినిపించే మరో జవాబు, ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోనివి అన్నది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలోని 6వ అంశం మేరకు అది నిజమే. కానీ మానసిక రోగులను, వారిని చేర్చుకుని చికిత్స చేసే చోట్లను అదే షెడ్యూలు ఉమ్మడి జాబితాలోని, అంటే కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల అంశాల్లోని, 16వ అంశం ప్రత్యేకంగా పేర్కొన్నది. నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు పార్లమెంటు సభ్యుల్లో ఎవరైనా ఆ జవాబు విన్న వెంటనే ఈ 16వ అంశాన్ని అనుబంధ ప్రశ్నగా, అంటే మంత్రి జవాబు మీద అక్కడికక్కడే అడిగే ప్రశ్నగా, వేస్తే ఏం చెబుతారో వినాలని ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షన్, చికిత్సాలయంలో ఉన్న మనిషికి పరిశుభ్రమైన పరిసరాలు, తగిన పారిశుద్ధ్యం, పుష్టికరమైన ఆహారం, వ్యక్తిగత గోప్యత, మహిళలకు నెలసరి సమయంలో కావలసిన వస్తువులు అందడం హక్కు అని చెబుతున్నది. బలవంతంగా గుండు గీయించరాదని కూడా అందులోనే ఉంది. ఈ హక్కుల్లో సగం, ఆసుపత్రి భాషలో చెప్పాలంటే డైట్ కాంట్రాక్టు, శానిటేషన్ కాంట్రాక్టు. 2025 జూన్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో కలుషిత ఆహారం వల్ల పదుల సంఖ్యలో రోగులు అస్వస్థులైనప్పుడు ఈ ముడి అందరికీ కనిపించింది. అలాంటి సమయంలో ఎవరిని సస్పెండ్ చేశారు అన్న ప్రశ్నకు జవాబు ఒక్క రోజులో దొరుకుతుంది. ఒప్పందంలో ఒక్కో రోగికి రోజుకు ఎంత ధర నిర్ణయించారు, ఆ ధరకు చట్టం చెప్పిన ఆహారం పెట్టడం సాధ్యమా, వంటగదిని తనిఖీ చేయవలసింది ఎవరు, చివరిసారి ఎప్పుడు చేశారు, కాంట్రాక్టరు నుంచి జరిమానా ఎప్పుడైనా వసూలైందా అన్న ప్రశ్నలకు జవాబు రావాలంటే మాత్రం ఒప్పంద ప్రతిని సభ ముందుంచాలి. అన్నిటికన్నా తక్కువ రేటు వేసినవాడికే పని దక్కే టెండరులో, అన్నం తినే మనిషి నోరు విప్పి ఫిర్యాదు చేయలేని స్థితిలో ఉంటే ఏం జరుగుతుందో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు.

మందుల సంగతి నాకు దగ్గరగా తెలుసు కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. అత్యవసర మందుల జాబితాలో ఉన్న మానసిక వ్యాధుల మందులు కమ్యూనిటీ హెల్త్ సెంటర్ మొదలుకొని పై స్థాయి ప్రభుత్వాసుపత్రులన్నిటిలో అన్ని వేళలా ఉచితంగా అందాలని అదే చట్టం 18వ సెక్షన్ అంటున్నది. ‘అన్ని వేళలా’ అన్న తరువాత, స్టాక్ రిజిస్టరులో ‘నిల్’ అని పడిన ప్రతి రోజూ చట్టం తప్పిన రోజే. బీపీ మాత్రకైనా సరే అంతరాయం మంచిది కాదు గానీ, లిథియం, రిస్పెరిడోన్ వంటి మానసిక వ్యాధుల మందులు ఉన్నట్టుండి ఆగితే కుదుటపడిన జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు ఆ కుటుంబం అమ్రాబాద్ నుంచో దేవరకొండ నుంచో మనిషిని పట్టుకుని ఎర్రగడ్డ దాకా పోవాలి. ఇద్దరి కూలీ పోతుంది, బస్సులో నలుగురి చూపులూ భరించాలి. రాష్ట్ర వైద్య సేవల, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ రేట్ కాంట్రాక్టు (ముందుగా ధర ఖాయం చేసుకున్న ఒప్పందం) మీద కొన్న మందు ఏ కంపెనీ ఎన్ని రోజులు ఆలస్యంగా పంపింది, ఆ ఆలస్యానికి బిల్లులో ఎంత కోత వేశారు, ఆ వ్యవధిలో లోకల్ పర్చేజ్‌కు, అంటే బయట స్థానికంగా మందు కొనడానికి, ఆసుపత్రికి నిధులు ఇచ్చారా అన్నది సభ్యులు అడగాలి. సమాచారం సేకరిస్తున్నామన్న జవాబు ఇక్కడ చెల్లదు. ఇండెంట్లు (ఆసుపత్రులు పంపే మందుల కోరికలు), నిల్వలు ఇప్పుడు కంప్యూటరులో నమోదవుతున్నాయి.

మన పాలమూరు, నల్లగొండ ప్రాంతాలకు ప్రత్యేకమైన ఒక చిక్కు కల్తీ కల్లు. అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడినవారికి అది ఒక్కసారిగా దొరకకపోతే వణుకు, ఫిట్స్, మతి తప్పడం వస్తాయి. దాడుల గురించి ఎక్సైజ్ మంత్రిని అడుగుతారు. దాడుల మరునాడు ఆసుపత్రికి వచ్చేవారి గురించి ఆరోగ్య మంత్రిని అడిగినవారు అరుదు. దుకాణాలు మూయించే ముందు జిల్లా ఆసుపత్రికి కబురు పెట్టే ఏర్పాటు ఏదైనా ఉన్నదా అని ఇద్దరు మంత్రులనూ అడగవచ్చు.

ఇలా అడగడానికి కొత్త అధికారాలేమీ అక్కరలేదు. లిఖిత ప్రశ్న ఉన్నది, అనుబంధ ప్రశ్న ఉన్నది. సభలో మంత్రి ఇచ్చిన మాట నెరవేరిందా లేదా చూడటానికి హామీల కమిటీ ఉన్నది. లోక్‌సభలోనైతే హామీని 3 నెలల్లో నెరవేర్చాలన్న నియమం ఉంది. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం సభ ముందుకు వచ్చే కాగ్ (ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే అధికారి) నివేదికలను పరిశీలించడానికి ప్రజాపద్దుల సంఘం ఉన్నది. వ్యాపార రహస్యమని ఒప్పందాన్ని దాచవచ్చునేమో గానీ, ప్రజల డబ్బుతో నడిచే వంటగదిలో రహస్యం ఏముంటుందో నాకు అర్థం కాదు. రోగుల పేర్లు, వివరాలు మాత్రం సభలో చదవకూడదు. ఆ గోప్యత కూడా చట్టం ఇచ్చిన హక్కే.

చెప్పక తప్పని ఒక మాట. ప్రత్యర్థిని ఎర్రగడ్డకు పంపాలని మన నాయకులు ఎన్నిసార్లు వెక్కిరించుకోలేదు? ఆ వెక్కిరింతలకు పెట్టిన కాలంలో ఆ ఆసుపత్రి డైట్ ఒప్పందాన్ని ఒకసారి తిరగేసినా బాగుండేది.

ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14, ఉమ్మడి నల్లగొండలో 12 శాసనసభ స్థానాలున్నాయి. ఈ 26 మందిలో ఎవరు మానసిక వైద్యం మీద, ఆసుపత్రి కాంట్రాక్టుల మీద ఏం అడిగారో, దానికి ఏ జవాబు వచ్చిందో ప్రతి సమావేశం ముగిశాక మీ జిల్లా ఎడిషన్‌లో ఉన్నదున్నట్టు అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. ఏమీ అడగనివారి పేర్ల ఎదుట ఖాళీ వదిలినా చాలు.

ఇట్లు,
విశ్రాంత ఫార్మసిస్టు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా