యథాతథం అని చెప్పి పాట తీసేశారు: మీ యాప్‌లోని పాత సీరియల్‌పై ఫిర్యాదు

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,

విషయం: పాత సీరియల్ 7వ ఎపిసోడ్‌లో అసలు పాట తీసేసి వేరే సంగీతం పెట్టడం, ఆ సంగతి చందాదారులకు ముందుగా చెప్పకపోవడం గురించి.

అయ్యా,

ఈ సంక్రాంతికి మీ యాప్‌కు ఏడాది చందా కట్టాను. కట్టింది ఒక్క సీరియల్ కోసం. 1990ల్లో వారానికోసారి రాత్రిపూట మా ఇంటిల్లిపాదీ కూర్చుని చూసిన సీరియల్ అది. దాని పేరు, ఎపిసోడ్ వివరాలు జత చేసిన కాగితంలో ఉన్నాయి. అప్పట్లో ప్రసారమైనది యథాతథంగా, మెరుగైన క్వాలిటీలో చూడొచ్చని మీరు ప్రకటన ఇచ్చారు. ఆ మాట అమ్మకు చెబితే రోజంతా దాని గురించే మాట్లాడింది. అమ్మకు 81 ఏళ్లు. గ్లకోమా వల్ల చూపు బాగా తగ్గిపోయింది. టీవీ ముందు కూర్చుంటే ఆమెకు అందేది శబ్దం ఒక్కటే.

7వ ఎపిసోడ్ సంగతి వివరంగా చెప్పాలి. ఇంటి స్థలం అమ్మే విషయంలో భార్యాభర్తలకు పట్టింపు వచ్చి నాలుగు రోజులుగా మాటలుండవు. సాయంత్రం పూట ఆమె వంటింట్లో బియ్యం ఏరుతూ ఉంటుంది. పక్కింటి రేడియోలో ‘లాహిరి లాహిరి లాహిరిలో’ మొదలవుతుంది. ఆమె చేట పక్కన పెడుతుంది. వరండాలో పడక్కుర్చీలో ఉన్న భర్త, పేపరు కిందకి దించకుండానే, రెండో లైను సన్నగా అందుకుంటాడు. ఆమె వంటింట్లోంచే "ఇంకా గుర్తుందా మీకు?" అంటుంది. అక్కడితో ఎపిసోడ్ అయిపోతుంది. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పరు.

మీ యాప్‌లో అక్కడ కీబోర్డు మీద వాయించిన ఏదో ట్యూన్ వస్తోంది. భర్త పెదవులు కదులుతాయి, గొంతు వినపడదు. పాటతో పాటు ఆయన కూనిరాగాన్ని కూడా తీసేశారు. వెంటనే "ఇంకా గుర్తుందా మీకు?" అన్న మాట. అమ్మ నా వైపు తిరిగి, "ఏం గుర్తుందా అని అడుగుతోందే?" అంది. నేనేం చెప్పను? మా నాన్నగారు పోయి ఆరేళ్లయింది. ఈ ఎపిసోడ్ వచ్చిన తర్వాత చాలాకాలం, అమ్మ అలిగినప్పుడల్లా ఆయన ఆ లైనే అందుకునేవారు.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. వేసుకున్నాను. రెండోసారి చేస్తే టీవీ స్పీకర్ చూపించుకోమన్నారు. మూడు వారాల తర్వాత ‘మ్యూజిక్ రైట్స్ కారణంగా’ అని ఒక్క లైను మెయిల్ వచ్చింది. 8వ ఎపిసోడ్ పెట్టమని అమ్మ ఇంతవరకు అడగలేదు.

హక్కుదారులకు డబ్బు కట్టకుండా పాట వాడుకోండని నేను అనడం లేదు. సీరియల్ తీసినవాళ్లు ఆ రోజు టీవీ ప్రసారం వరకే అనుమతి తీసుకుని ఉండవచ్చు. ఫోన్లో సీరియల్ చూసే రోజు వస్తుందని అప్పుడు ఎవరనుకున్నారు? ఒప్పందం రాసుకున్న నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, దాని పేరు ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, అప్పుడు రాసిచ్చిన హక్కు వర్తించదని 2012లో కాపీరైట్ చట్ట సవరణ స్పష్టం చేసింది. పాట రాసినవారి, బాణీ కట్టినవారి రాయల్టీని కాపాడిందీ ఆ సవరణే. అది వాళ్లకు న్యాయంగా రావలసినది.

పైగా ఇదేమీ దారి లేని చిక్కు కాదు. ఆ పాట ఉన్న సినిమా ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. సౌండ్ రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లే కాబట్టి అది 2017తో తీరిపోయింది. మిగిలింది సాహిత్యం, బాణీ. పాట రాసిన పింగళి నాగేంద్రరావు గారు పోయింది 1971లో. రచయిత మరణం తర్వాత 60 ఏళ్ల లెక్కన సాహిత్యం మీద హక్కు 2031 చివరి దాకా ఉంటుంది. బాణీ హక్కుకు ఇంకా గడువుంది. అంటే ఆ రెండింటి హక్కులు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని అడగాలి. మీరు అడిగారా? ఎంత చెప్పారు? ఎక్కువ చెప్పారా, లేక అడగడం కంటే కీబోర్డు ట్యూన్ చవకని అసలు అడగనే లేదా? నాకు ఇది తెలియాలి.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అక్కడ ఈ గొడవ పాతదేనని వాడు చెప్పాడు. ‘డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి’ అనే కామెడీ సీరియల్ అమెరికా టీవీ ఛానెల్ సీబీఎస్‌లో 1978 నుంచి 1982 దాకా వచ్చింది. కథంతా ఒక రేడియో స్టేషన్లో నడుస్తుంది కాబట్టి అప్పటి హిట్ పాటలే దానికి ప్రాణం. 2007లో మొదటి సీజన్ డీవీడీ వచ్చేసరికి వాటిలో చాలా పాటలు లేవు. అభిమానులు ఊరుకోలేదు. 2014లో వేరే సంస్థ పూనుకుని, చాలా పాటలకు మళ్లీ అనుమతులు తెచ్చి సీరియల్ మొత్తం విడుదల చేసింది. పట్టుపడితే అయ్యే పనేనన్నమాట. ‘డారియా’ అనే కార్టూన్ సీరియల్‌కు 2010లో డీవీడీ తెచ్చినప్పుడు అలా కుదరలేదు, దాదాపు పాటలన్నీ మార్చేశారు. అయితే దాని సృష్టికర్తల్లో ఒకరైన గ్లెన్ ఐక్లర్, పాటల ఖర్చు భరించలేక మార్చామని ఆ డీవీడీ సెట్‌లోనే ఒక ఉత్తరం పెట్టారు. కొన్నవాళ్లకు దక్కిన ఆ మర్యాద మాకు మీ దగ్గర దక్కలేదు.

ఆ పాటకు అనుమతి తెచ్చి 7వ ఎపిసోడ్‌ను మొదట ఉన్నట్టు పెట్టండి. దానికి సమయం పడుతుందంటే ఎన్నాళ్లో రాయండి, ఆగుతాం. కుదరదంటే ఈ సీరియల్ పేజీలోనే, చందా కట్టకముందే కనపడేలా, ఏయే ఎపిసోడ్లలో సంగీతం మార్చారో తెలుగులో రాయండి. ‘యథాతథం’ అన్న మాట తీసేయండి. నా చందా డబ్బు వెనక్కివ్వండి. ఇంకొక్క మాట. పాట తీయాల్సి వచ్చినా నటుడి గొంతు ఎక్కడా మూగబోనివ్వకండి. ఆ చోట తెర మీద ‘ఇక్కడ పాట ఉండేది’ అని ఒక్క లైను వేస్తే, మా అమ్మలాంటి వాళ్లకు పక్కనున్నవాళ్లు చదివి చెబుతారు.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. తప్పుదోవ పట్టించే ప్రకటన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం ప్రకారం నేనుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు.

జత చేసినవి: సీరియల్ వివరాల కాగితం, చందా రసీదు, మీ ప్రకటన స్క్రీన్‌షాట్, 7వ ఎపిసోడ్‌లో పాట తీసేసిన చోటి నిమిషాలు, మీ మెయిల్ ప్రతి.

ఇట్లు,
మీ చందాదారు,
రాజమహేంద్రవరం